పాల పళ్ల వయసులో దవడ పక్కకు పోతుంటే ఏం చేయాలి?

మా పాపకు నాలుగున్నరేళ్లప్పుడు ఈ సంగతి మొదట కనిపెట్టింది మా అత్తమ్మ. మధ్యాహ్నం పూట పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని జొన్న రొట్టె తినిపిస్తూ, "పిల్ల నములుతుంటే గదువ కుడి దిక్కు పోతుంది, చూసినవా?" అన్నది. రోజూ దాని తల దువ్వి, పళ్లు తోమి, బడికి పంపేదాన్ని నేనే. అయినా నా కంట పడలేదు. అప్పుడు దగ్గర కూర్చుని చూస్తే నిజమే. నోరు తెరిచినప్పుడు ముఖం సమంగానే ఉంది. మూసేటప్పుడు చివర్లో మాత్రం చిన్న మలుపు తిరిగి కింది దవడ కుడివైపుకు జారుతోంది.

దగ్గర్లో ఉన్న ఒక పళ్ల డాక్టర్‌కు చూపించాం. "పాల పళ్లే కదమ్మా, ఊడిపోయాక అవే సర్దుకుంటాయి. పన్నెండేళ్లకు తీసుకురండి, క్లిప్పులు వేద్దాం" అన్నారు. ఎనిమిది నెలలు ఆ మాట మీదే ఉండిపోయాం. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది ఆ ఎనిమిది నెలల బాధతోనే. పాల పళ్లు ఊడిపోయే మాట నిజం. కానీ వాటిని మోస్తున్న దవడ ఊడిపోదు కదా. అది రోజూ పెరుగుతూనే ఉంటుంది, రోజూ పక్కకు జరిగి మూసుకుంటుంటే అలా పక్కకే పెరిగే ప్రమాదం ఉంది. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న వాళ్లు ఏం చూడాలి, ఎక్కడికి వెళ్లాలి, వైద్యం మొదలయ్యాక ఇంట్లో ఏం చేయాలి అన్నది వరసగా చెబుతాను.

ముందు ఇంట్లోనే, పగటి వెలుతురులో చూడండి

పొద్దున టిఫిన్ అయ్యాక, పిల్లలు హుషారుగా ఉన్నప్పుడు వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ట్యూబ్‌లైటు కింద నోట్లో నీడలు పడి సరిగా కనిపించదు. తల వెనక్కి వాల్చకుండా మన వైపు నిటారుగా చూడాలి. మీరు కూడా వాళ్ల ముఖానికి సమంగా కిందికి కూర్చోండి.

చాలామంది పొరపడేది ఇక్కడే. "పళ్లు చూపించు" అనగానే పిల్లలు ఫొటోకు నవ్వినట్టు ముందు పళ్లను అంచుకు అంచు ఆనించి చూపిస్తారు. అది వాళ్ల అసలు కలయిక కాదు. నాలుక కొసను వెనక్కి మడిచి అంగిలికి ఆనించమనండి, ఒక గుటక వేయమనండి, అలాగే వెనక పళ్లు నొక్కి పట్టమనండి. మా పాపకు ఇదేమీ అర్థం కాలేదు. "మక్క పేలాలు నమిలినట్టు వెనక పళ్లతో నొక్కు" అంటే వెంటనే వచ్చింది. అలా నొక్కి పట్టినప్పుడు, చేతులు కడుక్కున్న వేళ్లతో పెదవులను, బుగ్గలను మెల్లగా పక్కకు లాగి చూడండి.

పై పళ్ల వరస కింది పళ్ల వరసకు డబ్బా మూతలాగా ఉండాలి. అంటే ముందైనా పక్కలైనా పై పళ్లు కాస్త బయటికి, కింది పళ్లు లోపలికి. ఎక్కడైనా పై పన్ను లోపలికి, కింది పన్ను బయటికి ఉంటే దాన్ని క్రాస్‌బైట్ అంటారు. అది ముందు పళ్లలో ఉంటే మనవాళ్లు కింది దవడ ముందుకొచ్చిందని గుర్తుపడతారు. పక్క పళ్లలో ఉంటే మాత్రం బుగ్గ చాటున దాగి ఎవరికీ తెలియదు. మా పాపది అదే.

తర్వాత నోరు పెద్దగా తెరవమనండి. పైన రెండు ముందు పళ్ల మధ్య గీత, కింద రెండు ముందు పళ్ల మధ్య గీత ఒకదాని కింద ఒకటి ఉన్నాయా చూడండి. ఇప్పుడు చాలా మెల్లగా మూయమనండి. తెరిచినప్పుడు కలిసిన గీతలు మూసేసరికి విడిపోతే, ఎక్కడో ఒక పన్ను ముందుగా తగిలి పిల్ల దవడను పక్కకు జరుపుకుంటోందని అర్థం. చాలాసార్లు ఆ తగిలేది కోర పన్ను. కోర పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి నొప్పి పెడుతుంటే ఆ పిల్ల తెలియకుండానే దవడను తప్పించుకుని పక్కన సౌకర్యంగా ఉన్న చోట కొరుకుతుంది. కొన్నాళ్లకు అదే అలవాటైపోతుంది. ఇంట్లో చేయగలిగిన పరీక్షలన్నింటిలో ఈ ఒక్కదాన్ని తొందరపడకుండా నాలుగైదుసార్లు చేయండి.

ఇంకో రెండు చూడాలి. వెనక పళ్లు మూసి ఉన్నా పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య కిటికీలాగా సందు ఉండి నాలుక కనిపిస్తోందా? దాన్ని ఓపెన్ బైట్ అంటారు. లేక పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేసి, కింది పళ్ల కొసలు అంగిలిలో గుచ్చుకుంటున్నాయా? ఇది కూడా డాక్టర్‌కు చెప్పాల్సిందే.

చూసినవన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ముందు నుంచి ఒకటి, కుడి బుగ్గ లాగి ఒకటి, ఎడమ బుగ్గ లాగి ఒకటి, నోరు తెరిచి ఒకటి. మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉన్న చిన్న వీడియో కూడా తీస్తే మంచిది. క్లినిక్‌లో కొత్త మనుషుల ముందు బెదిరిపోయిన పిల్ల నోరు తెరవకపోవచ్చు, అప్పుడు ఆ వీడియోనే పనికొస్తుంది.

ఏది ఇప్పుడే చేయించాలి, ఏది ఆగొచ్చు

కనిపించిన ప్రతి వంకరకూ ఐదేళ్లకే వైద్యం అక్కర్లేదు. ఈ తేడా తెలియకపోతే ఒకవైపు అవసరమైన పిల్లలకు ఆలస్యం అవుతుంది, ఇంకోవైపు అక్కర్లేని పిల్లలకు డబ్బు, శ్రమ దండగ.

ఆలస్యం చేయకూడనిది దవడను పక్కకో ముందుకో నెట్టే క్రాస్‌బైట్. పక్క పళ్ల క్రాస్‌బైట్ తనంతట తానే సర్దుకుంటుందని నమ్ముకోలేం. పాల పళ్లలో ఉన్నది తర్వాత వచ్చే శాశ్వత పళ్లలోకీ పాకవచ్చు. చిన్న వయసులో పై దవడ రెండు సగాలను కలిపే అతుకు ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి కొద్ది బలంతోనే వెడల్పు అవుతుంది. పదిహేను, పదహారేళ్లకు అదే పని చాలా కష్టం. కింది దవడ ముందుకు వచ్చినట్టు ఉన్న పిల్లల్లోనూ అంతే. పై దవడ వెనకబడి ఉండటం వల్ల అలా కనిపిస్తుంటే, దాన్ని ముందుకు లాగే వైద్యం ఎనిమిది, తొమ్మిదేళ్ల లోపు బాగా పనిచేస్తుంది.

కింది దవడ విషయంలో ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. "వాళ్ల తాత పోలిక" అని మనం అనుకునే దవడలు కొన్ని నిజంగానే వంశంలో వచ్చేవి. అలాంటి పిల్లలకు చిన్నప్పుడు సరిచేసినా, పదమూడు, పద్నాలుగేళ్లకు ఒళ్లు పెరిగేటప్పుడు కింది దవడ మళ్లీ ముందుకు రావచ్చు, మళ్లీ వైద్యం అవసరం కావచ్చు. అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరికి అలా ఉందో చెప్పండి. పెళ్లి ఆల్బమ్‌లో తాతయ్యదో మేనత్తదో పక్క నుంచి తీసిన ఫొటో ఉంటే ఫోన్‌లో తీసుకెళ్లండి.

ఇక ఆగగలిగినవి. పాల పళ్ల మధ్య సందులుంటే కంగారు పడకండి, సంతోషించండి. తర్వాత వచ్చే ముందు పళ్లు పెద్దవి, వాటికి ఆ జాగా కావాలి. ఐదేళ్లకు సందు అనేదే లేకుండా పళ్లు ముత్యాల పేరులా ఒత్తుగా ఉన్న పిల్లలకే తర్వాత ఇరుకు అయ్యే అవకాశం ఎక్కువ. అయినా దానికి ఇప్పుడు చేసేదేమీ లేదు, గుర్తు పెట్టుకుంటే చాలు. ఏడు, ఎనిమిదేళ్లకు కొత్తగా వచ్చిన పై ముందు పళ్లు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో సందు కనిపిస్తుంది. కోర పళ్లు దిగేసరికి చాలామందికి అది మూసుకుపోతుంది.

ఎత్తు పళ్ల సంగతి కూడా అంతే. పై పళ్లు ముందుకు ఉన్నంత మాత్రాన ఏడేళ్లకే మొదలుపెడితే పదకొండు, పన్నెండేళ్లకు చేసే దానికన్నా ఫలితం గొప్పగా ఏమీ ఉండదు. ఒక్కటే మినహాయింపు. పెదవి మూతపడనంతగా ముందుకు ఉన్న పళ్లు పిల్లలు పడ్డప్పుడు ముందుగా విరుగుతాయి. ఆటల్లో ఎక్కువగా పడే పిల్లలైతే ఆ ఒక్క కారణంతో ముందుగా వైద్యం చేయించడం సబబే. అందుకే ఆరేళ్ల పిల్లకు "పళ్లు వంకర, నోటినిండా క్లిప్పులు వేద్దాం" అని ఎవరైనా అంటే, ఇప్పుడే ఎందుకు, ఆగితే ఏమవుతుంది అని తప్పకుండా అడగండి. సరైన కారణం ఉన్న డాక్టర్ విసుక్కోకుండా చెబుతారు.

ఎందుకిలా అయిందో వెతకండి

కారణం అలాగే ఉంటే, దవడ సరిచేయడానికి నోట్లో ఏ ప్లేట్ పెట్టినా పళ్లు మళ్లీ మొదటికి వస్తాయి.

బొటనవేలు చప్పరించడం అన్నింటికన్నా మామూలు కారణం. మూడేళ్ల దాకా దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నాలుగు దాటినా ఆగకపోతే మాత్రం పళ్ల మీద గుర్తు పడుతుంది. వేలు పై ముందు పళ్లను ముందుకు నెడుతుంది, నాలుకను కిందికి తోసేస్తుంది, చప్పరించేటప్పుడు బుగ్గలు పై దవడను రెండు వైపుల నుంచి నొక్కుతాయి. నాలుక అంగిలిని ఆనుకుని ఉండాల్సిన చోట వేలు ఉండటంతో దవడ ఇరుకైపోతుంది. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే, శాశ్వత ముందు పళ్లు రాకముందే అలవాటు మానితే పై, కింది ముందు పళ్ల మధ్య పడ్డ సందు చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. ఇరుకైన పక్కలు మాత్రం సాధారణంగా వైద్యం లేకుండా సర్దుకోవు.

మానిపించడానికి మన ఇళ్లలో వేపనూనె రాస్తారు, కారం రాస్తారు. రెండూ వద్దు. కారం రాస్తే నిద్రలో ఆ చెయ్యి కళ్లకు పోతుంది. నలుగురిలో తిట్టడం, చెయ్యి మీద కొట్టడం కూడా వద్దు, భయపడ్డ పిల్ల ఆ భయానికే వేలు నోట్లో పెట్టుకుంటుంది. గోడకు క్యాలెండర్ కడతాం కదా, వేలు పెట్టుకోకుండా పడుకున్న ప్రతి రోజు గడిలో పిల్లతోనే బొట్టుబిళ్ల అంటించండి. పది బిళ్లలైతే తనకు నచ్చిన చోటికి తీసుకెళ్లండి. రాత్రి పూట వేలికి చిన్న ప్లాస్టర్ చుట్టండి, లేదా పొడవు చేతుల చొక్కా వేసి చివర వదులుగా కుట్టండి. కొన్ని వారాలు గట్టిగా పట్టుకుంటే చాలామంది పిల్లలు మానేస్తారు. అప్పటికీ కాకపోతే, పిల్లకూ మానాలని ఉంటే, అంగిలిలో వేలు కుదురుకోనివ్వని చిన్న తీగ పరికరం డాక్టర్ పెడతారు.

రెండో కారణం నోటితో గాలి పీల్చడం. పిల్ల పడుకున్న గంట తర్వాత లైటు వేయకుండా దగ్గర కూర్చోండి. నోరు తెరిచి ఉందా, గురక ఉందా, దిండు తడుస్తోందా? నిద్రలో చల్లని స్టీలు స్పూన్ ముక్కు కింద పట్టుకుంటే, ముక్కుతో పీల్చే పిల్లకు దాని మీద ఆవిరి పడుతుంది. నెలల తరబడి నోటితోనే పీలుస్తుంటే ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించండి. ముక్కు వెనక ఉండే మెత్తటి కండ, అంటే అడినాయిడ్స్, పెరగడం ఈ వయసులో చాలా మామూలు. దారి మూసుకుపోయిన పిల్లకు నోటి మీద టేపు వేయడం ప్రమాదం, అలా టేపు వేయమని చెప్పే వీడియోలు చూసి ఇంట్లో చేయకండి.

మూడోది పుచ్చు పళ్లు. రెండో పాల దవడ పన్ను మామూలుగా పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. పాల సీసా నోట్లో పెట్టుకుని పడుకునే అలవాటుతోనో, బెల్లం చాక్లెట్లతోనో ఐదేళ్లకే పుచ్చి తీసేయాల్సి వస్తే, పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగిపోతాయి. కింద ఉన్న శాశ్వత పన్నుకు దారి ఉండదు. కాబట్టి పాల పన్ను తీయించుకునేటప్పుడు "జాగా ఆపే రింగు అవసరమా?" అని అక్కడే అడగండి. అంతకన్నా మంచిది, తీసే దాకా రానివ్వకుండా చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే నింపించడం.

నల్గొండ వాళ్లకు విడిగా ఒక మాట. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలు చూసి "పళ్లు పాడైపోయాయి, ఇంకేం వైద్యం" అని ఆగిపోయే వాళ్లను చూశాను. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చిన మచ్చ వేరు, దవడ పక్కకు పోవడం వేరు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పడింది, ఆ సమస్య మనకు ఎంత పాతదో దాన్నిబట్టే తెలుస్తుంది. మచ్చలున్న పిల్లలకు కూడా దవడ వైద్యం చేయొచ్చు. డాక్టర్‌కు మాత్రం మీరు ఏ నీళ్లు తాగుతారో, బోరు నీళ్లా, మిషన్ భగీరథ నల్లా నీళ్లా, ఫిల్టర్ నీళ్లా అన్నది చెప్పండి. ఏ పేస్టు, ఎంత వాడాలో దాన్నిబట్టి చెబుతారు. మామూలుగా మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మేయాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

మామూలు పళ్ల డాక్టర్ బీడీఎస్ చదివి ఉంటారు. ఈ సమస్యకు ఆ పైన ఎండీఎస్ చదివిన రెండు రకాల నిపుణులు ఉంటారు. పిల్లల పళ్ల డాక్టర్‌ను పీడోడాంటిస్ట్ అని, క్లిప్పులు, దవడలు సరిచేసే డాక్టర్‌ను ఆర్థోడాంటిస్ట్ అని అంటారు. ఐదేళ్ల లోపు, మొండి చేసే పిల్లలైతే మొదట పిల్లల పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడమే నయం. క్రాస్‌బైట్ ఏ వయసులో కనిపించినా అప్పుడే చూపించండి. ఏమీ కనిపించకపోయినా ఏడేళ్ల లోపు ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కు చూపించాలన్నది ఈ నిపుణులు మొదటి నుంచి చెబుతున్న మాట.

నల్గొండ వైపు వాళ్లకు నార్కట్‌పల్లిలో కామినేని డెంటల్ కాలేజీ ఉంది, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ డెంటల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా పక్కన ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో ఈ రెండు విభాగాలూ ఒకే చోట ఉంటాయి, ప్రైవేటు క్లినిక్ కన్నా ఖర్చు సాధారణంగా తక్కువ. కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది. చదువుకుంటున్న డాక్టర్లు ముందు చూస్తారు, తర్వాత వాళ్ల సార్ చూస్తారు. ఒక రోజు పూర్తిగా పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే వెళ్లండి.

అంగన్‌వాడీ పిల్లలను, సర్కారు బడి పిల్లలను ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీమ్‌లు వచ్చి పరీక్ష చేస్తాయి. అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు, బడిలో ఒకసారి. వాళ్లు వచ్చే రోజు అంగన్‌వాడీ టీచరమ్మను అడిగి తెలుసుకుని, "మా పిల్ల దవడ పక్కకు పోతోంది, చూడండి" అని మీరే ఎదురెళ్లి చెప్పండి. నిమిషంలో చూసే పరీక్షలో పక్క పళ్లు తప్పిపోవచ్చు.

డాక్టర్ ఏం చేస్తారు

మొదటి రోజు ఎక్కువగా చూడటమే. దవడను చేత్తో పట్టి మెల్లగా మూసి ఎక్కడ ముందుగా తగులుతోందో గమనిస్తారు. అవసరమైతేనే ఎక్స్‌రే తీస్తారు. ప్లేట్ చేయాలంటే పళ్ల అచ్చు తీసుకోవాలి. మెత్తటి పిండి లాంటి పదార్థం ట్రేలో పెట్టి ఒక నిమిషం నోట్లో ఉంచుతారు. వాంతి వచ్చినట్టు అవుతుంది. ఆ నిమిషం పిల్లను కొంచెం ముందుకు వంచి, ముక్కుతో గాలి పీల్చమని, కాలి వేళ్లు ఆడించమని చెప్పండి. ముందు రోజు ఇంట్లో చెమ్చా నాలుక మీద పెట్టి పది లెక్కపెట్టే ఆట ఆడితే ఇంకా సులువు.

మా పాపకు మొదట చేసింది చిన్న పని. ముందుగా తగులుతున్న పాల కోర పళ్ల కొసలను కొద్దిగా అరగదీశారు. ఇంజెక్షన్ లేదు, రెండు సార్లు పిలిచి పది పది నిమిషాల్లో చేశారు. అద్దం పట్టుకుని తనే చూసుకుంది. తేడా చిన్నదైన కొందరు పిల్లలకు ఇంతటితోనే దవడ నిటారుగా మూసుకోవడం మొదలవుతుంది. మా పాపకు అంగిలి ఇరుకు కావడంతో ప్లేట్ కూడా కావాల్సి వచ్చింది.

పై దవడను వెడల్పు చేసే పరికరాల్లో తీసి పెట్టుకునే ప్లేట్ ఒకటి, పళ్లకు అతికించి ఉంచే తీగ ఒకటి. ప్లేట్ మధ్యలో చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని దానితో ఇచ్చే చిన్న తాళంచెవితో ఒక్క పావు చుట్టు తిప్పితే సుమారు పావు మిల్లీమీటర్ వెడల్పు అవుతుంది. ఎన్ని రోజులకోసారి తిప్పాలో డాక్టర్ రాసిస్తారు, తొందరగా అయిపోవాలని ఎక్కువ తిప్పకండి. మేము ప్రతి ఆదివారం రాత్రి తిప్పేవాళ్లం. ప్లేట్ చేతిలో పట్టుకుని, బాణం గుర్తు వైపు తిప్పి, క్యాలెండర్‌లో గీత పెట్టేవాళ్లం. అతికించిన రకమైతే నోట్లోనే తిప్పాలి. అప్పుడు తాళంచెవికి గట్టి దారం కట్టి మీ వేలికి చుట్టుకోండి, జారితే గొంతులోకి పోకుండా ఉంటుంది.

ముందు పళ్లలో ఒకటి రెండే లోపలికి ఉంటే చిన్న స్ప్రింగు ఉన్న ప్లేట్‌తో బయటికి నెడతారు, లేదా కింది పళ్ల మీద ఏటవాలు తొడుగు పెడతారు. తొడుగు పెట్టినవాళ్లు చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లాలి. వారాల లెక్కలో పనిచేసే పరికరం అది, నెలల తరబడి వదిలేస్తే వెనక పళ్లు పెరిగి కొత్త సమస్య వస్తుంది. పై దవడే వెనకబడి ఉంటే నుదురు, గదువ మీద ఆనే మాస్క్‌ను రబ్బర్లతో పై పళ్లకు తగిలిస్తారు. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు పెట్టుకోవాలి. బడికి వేసుకెళ్లనక్కర్లేదు, సాయంత్రం నుంచి పొద్దున దాకా ఇంట్లో పెడితే ఆ లెక్క వస్తుంది. వేసవి సెలవుల్లో మొదలుపెడితే పిల్లకు అలవాటు పడటానికి సమయం దొరుకుతుంది.

ఆన్‌లైన్‌లో పళ్లు సరిచేస్తాయంటూ అమ్మే రబ్బరు ట్రేలు ఒకే సైజువి కొని నోట్లో పెట్టకండి. మీ పిల్ల దవడ ఏ వైపుకు పోతోందో ఆ ట్రేకి తెలియదు.

ప్లేట్ ఇంటికి వచ్చాక

మొదటి మూడు రోజులు కష్టం. నోరు ఊరుతుంది, మాట నత్తిగా వస్తుంది, అన్నం సహించదు. మా పాప రెండో రోజు ప్లేట్ తీసి పరుపు కింద దాచింది. పట్టుబట్టి తిట్టకుండా, ప్లేట్ పెట్టుకుని గట్టిగా పాట పాడే పోటీ పెట్టాం. వారం తిరిగేసరికి మాట మామూలుగా వచ్చింది. ఆ మూడు రోజులు పెరుగన్నం, పప్పన్నం, జావ పెట్టండి. తర్వాత తినేటప్పుడు తీయాలా ఉంచాలా అన్నది డాక్టర్ చెప్పినట్టు చేయండి.

అతికించిన పరికరం ఉన్నన్నాళ్లూ పల్లీపట్టి, జీడిపాకం, చాక్లెట్ల లాంటి సాగే తిండి వద్దు. సంక్రాంతికి సకినాలు వస్తాయి. అవి తీగను విరిచేస్తాయి, పాలలో నానబెట్టి ఇవ్వండి, లేదా ఆ ఏటికి మెత్తటి అరిసెతో సరిపెట్టండి.

ప్లేట్‌ను మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్‌తో కడగాలి. వేడి నీళ్లలో వేస్తే వంగిపోతుంది. తీసినప్పుడు మూత ఉన్న డబ్బాలో పెట్టండి, పేరు రాయండి. కాగితంలో చుట్టి కంచం పక్కన పెడితే ఎంగిలాకులతో పాటు పోతుంది. మా చుట్టాల పెళ్లిలో మాకు అదే జరిగింది, మళ్లీ అచ్చు, మళ్లీ ఖర్చు. విరిగితే ఫెవిక్విక్‌తో అతికించి పిల్ల నోట్లో పెట్టకండి. తీగ గుచ్చుకుంటుంటే మైనం ఇస్తారు, అది చిన్న ఉండ చేసి ఆ కొసకు అద్ది, మరుసటి రోజు వెళ్లండి.

బడిలో టీచర్‌కు ముందే చెప్పండి. మాట నత్తిగా వచ్చే వారం రోజులు పిల్లను నిలబెట్టి పాఠం చదివించకుండా ఉంటే పిల్లకు టెన్షన్ తగ్గుతుంది.

వలస వెళ్లేవాళ్లు మొదలుపెట్టే ముందు చెప్పండి

పాలమూరు వైపు చాలా కుటుంబాలు పనుల కోసం ముంబై, పుణె వెళ్తాయి, పిల్లలు నానమ్మ, అమ్మమ్మల దగ్గర ఉండిపోతారు. ఈ వైద్యానికి నెలకోసారైనా డాక్టర్‌కు చూపించాలి. అది కుదరని ఇంట్లో పరికరం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే పళ్లు వెనక్కి పోతాయి, అతికించిన రింగుల కింద పుచ్చు పడుతుంది. కాబట్టి ఫలానా నెలలో వెళ్తాం, పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది అన్నది మొదటి రోజే చెప్పండి. మీరు ఊళ్లో ఉండే నెలల్లో పూర్తయ్యేలా పని పెట్టగలరేమో డాక్టర్ చూస్తారు. పిల్ల కూడా మీతో వస్తుంటే పళ్ల అచ్చుల ఫొటోలు, ఎక్స్‌రే, చీటీలు అన్నీ ఒక కవర్‌లో పెట్టించుకుని తీసుకెళ్లండి. పెద్దవాళ్ల దగ్గర వదిలి వెళ్తుంటే, స్క్రూ తిప్పడం నానమ్మతో మీ ఎదుటే రెండుసార్లు చేయించండి, చూపు ఆనకపోతే పక్కింటి అక్కకు నేర్పండి.

పని అయిపోయాక

దవడ వెడల్పు అయిన రోజే ప్లేట్ తీసేయరు. వెడల్పు చేయడానికి ఎన్ని నెలలు పట్టిందో దాదాపు అన్ని నెలలు అదే ప్లేట్‌ను తిప్పకుండా పెట్టుకోవాలి. మా పాపకు నాలుగు నెలలు తిప్పాం, ఇంకో నాలుగు నెలలు ఊరికే ఉంచాం. ఈ రెండో సగంలోనే ఇళ్లలో అశ్రద్ధ వస్తుంది, పళ్లు సరిగా కనిపిస్తున్నాయి కదా అని. అప్పుడే గట్టిగా పట్టుకోండి.

ఆరేళ్లప్పుడు చివరి పాల దవడ పన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే కొత్త పన్ను వస్తుంది. చాలామంది దాన్ని కూడా పాల పన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండేది. అది వచ్చినప్పుడు పైది కిందిదాని బయటికి దిగుతోందా లోపలికి దిగుతోందా అని మళ్లీ వాకిట్లో కుర్చీ వేసి చూడండి. ఆరు, ఏడేళ్లకు కింది ముందు పళ్లు పాల పళ్ల వెనక నుంచి రెండో వరసలా రావడం కూడా చూస్తారు. పాల పన్ను కదులుతుంటే నాలుకతో, చేత్తో కదిలించమనండి. అది ఊడాక వెనకది మెల్లగా ముందుకు వస్తుంది. అసలు కదలకపోతే డాక్టర్‌కు చూపించండి.

పాల పళ్లప్పుడు వైద్యం చేయించినా, పన్నెండేళ్లకు వరస సర్దడానికి కొందరికి క్లిప్పులు అవసరం అవుతాయి. దవడ అప్పటికే సరిగా ఉంటే ఆ పని తేలికవుతుంది. ఆ లెక్కతోనే మొదటి నుంచి డబ్బు, సమయం చూసుకోండి. శాశ్వత పళ్లన్నీ వచ్చేదాకా ఆరు నెలలకోసారి చూపించండి.

మా పాపకు ఇప్పుడు ఏడేళ్లు. పోయిన నెల కింది ముందు పన్ను ఊడితే, వాళ్ల నానమ్మ చెప్పినట్టు పేడ ముద్దలో పెట్టి ఇంటి మీదకు విసిరింది. ఆ సాయంత్రమే మళ్లీ వెనక పళ్లు నొక్కమని చూశాను. ఒక పన్ను లేకపోవడంతో మధ్య గీత ఎక్కడుందో తెలియలేదు, నోరు మూసేటప్పుడు గదువ మాత్రం పక్కకు పోలేదు. కొత్త పన్ను వచ్చాక, దసరా సెలవుల్లో, మళ్లీ చూపించడానికి తేదీ తీసుకున్నాం.